మొన లోపలికి తిరిగిన గాలం

మొన్న సాయంత్రం టీ అంగడి దగ్గర ఇద్దరు యువకులు నన్ను పట్టుకున్నారు. వాళ్ల చేతిలో ఫోను, ఫోనులో సముద్రం. నడిసముద్రంలో పడవ మీద నిలబడి ఎవరో ఎర్రటి చేపను పైకి లాగుతున్నాడు. దాని పేరు రెడ్ స్నాపర్ అట. దానికి ఏ గాలం వాడాలి, ఏ దారం కట్టాలి, ఏ ఎర పెట్టాలి అని వీళ్లు నన్ను అడుగుతున్నారు. నంద్యాల నుంచి సముద్రం చూడాలంటే పగలంతా బస్సులో కూర్చోవాలి. అయినా వీళ్లకు ఆ సంగతి కావాలి. నాకు తెలియదు నాయనా అని చెప్పి, టీ సగం తాగకుండానే లేచి వచ్చేశాను.

తెలియక కాదు. ఆ చేప కోసం గాలాలు కట్టిన అంగడిలోనే నేను పనిచేశాను. ఆ పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో నిలబడి చెబితే వినే ఓపిక వాళ్లకు ఉండదు. రాస్తే ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

మా అంగడి నంద్యాల బజారులో ఉండేది. వలలు, తాళ్లు, గాలాలు, సీసపు గుండ్లు, బెండ్లు అమ్మేవాళ్లం. నా పనికాలమంతా అక్కడే గడిచింది. దాన్ని ఉద్యోగం అంటే నవ్వేవాళ్లున్నారు, నవ్వనివ్వండి. ఉదయం తాళం తీసే వేళకు వెళ్లి, సాయంత్రం తాళం పడేదాకా నిలబడేవాడిని. మోకాళ్లు మొరాయించాక మానుకున్నాను. నన్ను సాగనంపడానికి ఒక పూలదండా, ఒక గోడ గడియారమూ ఇచ్చారు. గడియారం మాత్రం బాగానే తిరుగుతోంది.

అవుకు రిజర్వాయరు నుంచి, గడివేముల చుట్టుపక్కల చెరువుల నుంచి మనుషులు మా దగ్గరికి వచ్చేవాళ్లు. గాలం కొనడానికి వచ్చినవాడిని ముందు అడిగే మాట ఒకటే, ఎర ఏం పెడతావని. వేరుశనగ చెక్క పిండి ముద్ద పెట్టేవాడికి ఒక గాలం, వానపాము గుచ్చేవాడికి ఇంకొకటి. కోడి పేగులు పెట్టి వాలుగ చేపకు వేసేవాడికి పెద్ద నోరున్న గాలం కావాలి. జెల్ల చేపకు బట్టల సబ్బు ముక్క గుచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. నవ్వకండి, పడేవి. ఎరను బట్టి గాలం, గాలాన్ని బట్టి దారం, దారాన్ని బట్టి గుండు. ఈ వరుస తప్పితే చెరువు గట్టున కూర్చుని మీరు చేసేదల్లా దోమలకు విందు పెట్టడమే.

ఈ వరుస నాకు నేర్పింది ఉస్తాద్. మేమందరం ఆయన్ని అలాగే అనేవాళ్లం, పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఎదురుగా మాట్లాడేటప్పుడు నాకు మామ. ఊరు ఆళ్లగడ్డ. రోజూ పొద్దున బస్సెక్కి నంద్యాల వచ్చేవాడు. అంగడి వెనక వాకిలి దగ్గర, వెలుతురు పడే చోట ఒక పీట వేసుకుని కూర్చునేవాడు. ముందర ఆకురాయి, చిన్న పటకారు, దారపు ఉండలు. టోకు వ్యాపారి దగ్గర్నుంచి వచ్చిన ప్రతి గాలమూ ఆయన చేతి మీదుగానే ముందుకు వచ్చేది. మొనను బొటనవేలి గోరు మీద ఆనించి చూసేవాడు. గోరు మీద జారితే మొద్దు, పట్టుకుంటే పదును. పెట్టెల్లో నలిగి మొన వంగినవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. వాటిని పటకారుతో సుతారంగా తెరిచి, ఆకురాయి పెట్టి, మళ్లీ గోరు మీద చూసి పక్కన పెట్టేవాడు.

ఆయన చేపలు తినేవాడు కాదు. వాసన పడదు. జీవితమంతా చేపలకు ఉరితాళ్లు పేని, అంగడి మూసే ముందు నిమ్మకాయతో చేతులు కడుక్కుని బస్సెక్కేవాడు. ఇంటికి రెండు జెల్లలు కట్టివ్వమంటావా అని మేము ఆటపట్టించేవాళ్లం. మీ ఇంట్లోనే ఉడకేసుకోండిరా అని ఆయన కూడా నవ్వేవాడు. ఒక చెవి కాస్త మందమని కూడా మేము ఆయన్ని వేళాకోళం చేసేవాళ్లం. రోజంతా ఇనుము గీకేవాడికి ఆ మాత్రం ఉండదా. పిలిస్తే పలికేవాడు, చెప్పింది చేసేవాడు. అంతకంటే ఏం వినాలి.

ఇక యజమాని. తండ్రి నుంచి అంగడి ఆయన చేతికొచ్చింది. దుర్మార్గుడని రాయడం నాకు తేలికే గానీ, దుర్మార్గుడు కాదు. పండగకు బట్టలు పెట్టేవాడు, మా ఇంట్లో జబ్బు చేస్తే ఆసుపత్రికి తోడు వచ్చాడు. ఆయనకున్న జబ్బు ఒకటే. ఫోనులో ఎవరేం చెప్పినా సరే సరే అంటాడు. ఒక చెవి దగ్గర ఫోను, రెండో చెవి ఎదుట నిలబడిన గిరాకీ వైపు. ఫోను పెట్టేశాక ఏం చెప్పారని అడిగితే ఏదో చెప్పినాడులే అంటాడు.

ఒకనాడు అంగడికి ఒక మనిషి వచ్చాడు. పుట్టింది ఆళ్లగడ్డలోనే. కుర్రతనంలో ఉస్తాద్ కట్టిన గాలాలతో అవుకులో చేపలు పట్టాడట. తర్వాత బతుకుదెరువుకు మచిలీపట్నం వైపు వెళ్లి, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి, చివరికి ఇద్దరు ముగ్గురితో కలిసి ఒక పడవలో భాగం తీసుకున్నాడు. వలలు వేస్తే వాళ్లకు కలిసిరాలేదు. లోతులో రాళ్లున్న చోట వల దించితే చిరిగి పైకి వస్తుంది. ఆ రాళ్ల దగ్గరే ఆ ఎర్ర చేప ఉంటుంది. అందుకని వలలు మానేసి గాలాలకు వెళ్లాలని వాళ్ల ఆలోచన. భాగస్తులు అప్పటికే విసిగిపోయి ఉన్నారు. ఈ ఒక్కసారి చూద్దాం, కాకపోతే ఎవరి దారి వాళ్లదే అన్నారట. ఈయనకు ఆ పడవ తప్ప వేరే దిక్కు లేదు.

సముద్రం ఒడ్డున గాలాలు కట్టేవాళ్లు లేక కాదు ఆయన మా దగ్గరికి వచ్చింది. మొదటి తాళ్లు ఉస్తాద్ చేత్తోనే కట్టించుకోవాలని. ఆ మాట చెప్పగానే ఉస్తాద్ పీట మీద సర్దుకుని కూర్చున్నాడు. ఆ పూట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ చేప గురించే మాట్లాడుకున్నారు. అది కొరుకుతుందా, మింగుతుందా. పళ్లున్నాయా. ఎర ఏం పెడతారు. కవళ్లు, లేకపోతే కానాగంతలు ఏటవాలుగా కోసి పెడతామన్నాడాయన. అంటే చేపకు చేపే ఎర. లోతెంత, నీటి లాగుడెంత, గుండు ఎంత బరువుంటే అడుక్కి దిగి నిలబడుతుంది. చెరువు నీళ్లలో లాగుడు అనేదే లేదు కాబట్టి మాకు అదంతా కొత్త. గాలాలు ఏ రకమో ఇంకా తేల్చుకోలేదు, అక్కడి పడవల వాళ్లను విచారించి, కొని పంపిస్తాను, మీరు తాళ్లకు కట్టి ఇవ్వండి అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఉస్తాద్‌కు వేరే ధ్యాస లేదు. ఉప్పునీళ్లంటే ఆయనకు భయం పట్టుకుంది. ఇంట్లో ఊరగాయ జాడీ ఒకటి ఖాళీ చేసి, కల్లుప్పు కలిపిన నీళ్లు పోసి, రకరకాల దారాలూ తీగలూ గాలాలూ అందులో వేసి మూత పెట్టాడు. ఆళ్లగడ్డలో ఆయన ఇంటావిడ గాలాలతో ఊరగాయ పెడతాండాడని ఇరుగుపొరుగుకంతా చెప్పుకుని తిట్టిందట. రాగి తీగ పచ్చబడిపోయిందని దాన్ని పక్కన పెట్టాడు. మెలి తిప్పిన దారం ఉబ్బిందని అదీ వద్దన్నాడు. చివరికి గాజులాగా మెరిసే లావు నైలాను దారం ఒక్కటే మిగిలింది. జాడీలోంచి తీసిన ఆ దారం ముక్కను జేబులో పెట్టుకుని వచ్చి, దాంతో ముడి వేసి, కాలి బొటనవేలికి తగిలించి, రెండు చేతులతో లాగి నాకు చూపించాడు.

"సముద్రానికి పోతాండాది అబ్బీ నా గాలము," అన్నాడు. ఆయన సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు.

తర్వాత కొన్నాళ్లకు బస్సులో పార్సిలు వచ్చింది. ఆ సమయానికి అంగడి కిటకిటలాడుతోంది. యజమాని ఫోను చెవికి ఆనించుకుని, గిరాకీకి వల కొలిచి ఇస్తూ, సరే అన్నా, సరే సరే, అట్లనే అంటున్నాడు. అది పడవాయన ఫోనని నాకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే పెట్టేయగానే నా వైపు తిరిగి, పడవాయన సరుకు వచ్చినాదంట, పెద్దాయనకిచ్చి బిరీన కట్టియ్యమను అన్నాడు. అంతే అన్నాడు. పార్సిలు మోసుకెళ్లి పీట ముందర పెట్టింది నేనే.

పెట్టె ఒక మూల నలిగి ఉంది. బస్సు మీద దాని నెత్తిన ఏం పెట్టారో ఏమో. ఉస్తాద్ విప్పి ఒక గాలం తీశాడు. మంచి ఇనుము, లావుగా, నల్లగా ఉంది. కానీ మొన తిన్నగా పైకి చూడటం లేదు. గుండ్రంగా తిరిగి, గాలం కాడ వైపే చూస్తోంది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. పెట్టె అంతా అలాగే ఉంది.

ఆయన మొన మీద గోరు పెట్టబోతే గోరు ఆనే చోటే లేదు. నలిగిన మూలను చూశాడు, గాలాన్ని చూశాడు. అన్నీ వంగినాయి గదప్పా అన్నాడు. నాకూ అలాగే కనిపించింది. ఇంత మొండి మొనతో చేప నోటికి ఏం గుచ్చుకుంటుంది. పైగా ఎర చేప ముక్క. వాలుగకు పేగులు గుచ్చేటప్పుడు మొన బయటికి తెరుచుకుని ఉండాలి, లేకపోతే ఎర మొనను కప్పేస్తుందని ఆయన మాకు ఎప్పుడూ చెప్పేవాడు. చేప ముక్క పేగుల కంటే మందం. ఇక ఈ గాలం ఎర మాటున దాక్కుని ఊరికే ఉంటుంది. ఆయన లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అది చెరువు లెక్క.

అయినా నేను ముందుకు వెళ్లి యజమానితో చెప్పాను. గాలాలన్నీ మొన వంగి వచ్చాయి, ఉస్తాద్ తెరుస్తున్నాడు అన్నాను. ఆయన బల్ల కింద ఏదో వెతుకుతూ, తలెత్తకుండా, సరే సరే, కానీ అన్నాడు. నేను వెనక్కి వచ్చి పటకారు అందించాను.

ఆ పని ఆయన ఎంత శ్రద్ధగా చేశాడో చెబితే మీకు బాధ కలుగుతుంది. గట్టి ఇనుము, ముసలి చేతులు. ఒక్కొక్క మొనను కొంచెం కొంచెంగా తెరిచి, ఆకురాయి వేసి, గోరు మీద చూసి, తృప్తి కలగకపోతే మళ్లీ వేసేవాడు. మధ్యలో మణికట్టు పట్టేస్తే వేడినీళ్ల గుడ్డ చుట్టుకునేవాడు. కొన్ని నేను చేస్తాను మామా అంటే ఇయ్యలేదు. నీ చేతిలో విరుగుతాయిలే అన్నాడు. మొనలు ఒకదానికొకటి చిక్కుకోకుండా కొబ్బరి పీచు చుట్టల్లోకి గుచ్చి, తాళ్లు చుట్టి, గోనెలో కుట్టి ఇచ్చాడు. ఆ రోజు తన చేత్తోనే తీసుకెళ్లి బస్సులో వేసి వచ్చాడు. తిరిగి వచ్చి, అంగడి ముందర నిలబడి, మాకందరికీ టీ చెప్పాడు. ఆయన టీ చెప్పడం నేను చూసింది అదే మొదలు.

మీలో తెలిసినవాళ్లు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. అవును, ఆ గాలం చేసేదే అలా. మొన లోపలికి తిరిగి ఉండటమే దాని పనితనం. మాకు అది తెలిసింది పడవాయన తిరిగి వచ్చిన రోజున.

ఆయన వచ్చిన రోజున అంగడిలో గిరాకీ పలచగా ఉంది. గడ్డం పెరిగి, ఎండకు కమిలి, చేతిలో సంచితో లోపలికి వచ్చాడు. యజమానికి నమస్కారం పెట్టలేదు. సంచిలోంచి గుప్పెడు గాలాలు తీసి బల్ల మీద పోశాడు. కొన్ని తీగలాగా సాగి తిన్నగా అయిపోయాయి. కొన్ని మొన దగ్గర విరిగిపోయాయి. ఉస్తాద్ ఆయన గొంతు విని వెనక నుంచి నవ్వుముఖంతో వచ్చాడు.

"మామా, ఈ మొనలు ఎవరు తెరిచినారు?" అన్నాడు పడవాయన.

"నేనే అప్పా. పెట్టెలోనే వంగిపోయి వచ్చినాయి. ఒక్కటి ఇడిసిపెట్టకుండా అన్నీ సరిచేసినా."

అరవడానికి వచ్చిన మనిషి ఆ ముఖం చూసి అరవలేకపోయాడు. స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. తాళ్లు నడిసముద్రంలో విప్పారట. గాలాలు చూసి పడవలో వాళ్లు ఇదేమిటన్నారట. ఆ మొనలు తెరవకూడదని ఈయనకూ తెలుసు. కానీ కట్టింది ఉస్తాద్, ఆయన ఊరికే చెయ్యి పెట్టడు, ఏదో లెక్క ఉంటుంది అని భాగస్తులకు తనే నచ్చజెప్పాడట. వెనక్కి తిరగకుండా అలాగే వేశారు. చేపలు తగిలాయి, అదే విచిత్రం. ఎర బాగుంది, చోటు బాగుంది. కానీ తగిలినవి జారిపోయాయి. గట్టిగా పట్టిన పెద్ద చేపలకు ఇనుము సాగిపోయింది, లేకపోతే విరిగింది. చల్లటి ఇనుమును పటకారుతో తెరిస్తే దానికి ఇంకేం బలం ఉంటుంది. ఖాళీ పడవతో ఒడ్డుకు వచ్చారు. భాగస్తులు ఆ రోజే విడిపోయారు.

ఉస్తాద్ బల్ల మీద నుంచి సాగిపోయిన గాలం ఒకటి తీసి చేతిలో పట్టుకున్నాడు. లోపలికి తిరిగిన మొనతో చేప ఎట్ల పడుతుందప్పా అని అడిగాడు. తప్పు ఒప్పుకోకుండా వాదించడానికి అడిగింది కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. పడవాయన మాకు పంపకుండా తన దగ్గరే ఉంచుకున్న కొత్త గాలం ఒకటి సంచి అడుగు నుంచి తీసి, దారం కట్టి, తన పిడికిలిని చేప నోరులాగా పట్టి చూపించాడు. చేప ఎర మింగి పక్కకు తిరుగుతుంది. మనం గుంజకూడదు. దారం బిగిసే కొద్దీ గాలం గొంతులో గుచ్చుకోకుండా జారుకుంటూ వచ్చి, నోటి మూల దగ్గర తనంతట తానే తిరిగి పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే మొన లోపలికే చూస్తుంది కాబట్టి ఊడి రాదు. పిడికిలి మూల బొటనవేలి దగ్గర గాలం కుదురుకుని నిలబడింది.

ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది. నేను అబద్ధం చెప్పడం లేదు. తన పని అంతా బూడిదయిందని తెలిసిన ఆ నిమిషంలో కూడా ఆయన ఆ గాలాన్ని అటూ ఇటూ తిప్పి, ఎంత తెలివిగా చేసినాడప్పా ఎవడో అని నవ్వాడు. పనిమంతుడు అంటే నాకు ఇప్పటికీ ఆ ముఖమే గుర్తొస్తుంది.

అప్పుడు పడవాయన యజమాని వైపు తిరిగాడు.

"నీకు ఫోనులో చెప్పినా గదా శెట్టీ. మొనలు ముట్టుకోవద్దు, ఉత్తగా తాళ్లకు కట్టించమని. ఒక్కసారి గాదు, మళ్లీ మళ్లీ చెప్పినా."

యజమాని ముఖంలోకి నేను చూశాను. ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని నాకు స్పష్టంగా కనిపించింది. మరిచిపోయినా అన్నా అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. దాని బదులు గల్లాపెట్టె మూత సర్దుతూ అన్నాడు.

"నేను చెప్పినాలే. పెద్దాయనకు చెవులు సరిగా ఇనపడవు. వయసు గదా."

ఉస్తాద్ చేతిలో గాలం అలాగే ఉండిపోయింది. ఆయన యజమానిని దాటి నా వైపు తిరిగాడు.

"చెప్పినాడా అబ్బీ?"

"చెప్పలేదు మామా," అన్నాను. "పార్సిలు నీకు తెచ్చిచ్చింది నేనే. మొనలు వంగినాయని ఆయనతో చెప్పింది నేనే. సరే కానీ అన్నాడు గానీ వద్దనలేదు. నీకు ఎవరూ చెప్పలేదు."

యజమాని నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోతే పోనీ అని కూడా అనుకున్నాను. నాకు కావలసింది ఆ ముసలాయన ఆ మాట నమ్మడం.

ఆయన నా భుజం తట్టాడు.

"నన్ను కాపాడాలని అంటాండావులే," అన్నాడు.

ఎందుకలా అన్నాడో మీకు చెప్పాలి. అంతకు ముందు కొన్నిసార్లు ఆయన ముడి జారి గిరాకీలు తిరిగి వస్తే, కట్టింది నేనని చెప్పి తిట్లు నేను తిన్నాను. అవి ఆయనకు తర్వాత తెలిశాయి. మంచి పిల్లోడివి, అబద్ధాలు మాత్రం మానుకోమని నన్ను మందలించాడు కూడా. యజమాని మాత్రం అన్నేళ్లలో పని విషయంలో ఆయనకు ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ పీట మీద ఆయన్ని కూర్చోబెట్టింది ఆ యజమాని తండ్రి. ఆ ఇంటి మనిషి ఒకటి చెబుతున్నాడు, తన కోసం అబద్ధాలాడే అలవాటున్న నేను ఒకటి చెబుతున్నాను. ఆయన ఎవరిని నమ్మాలి? నేనైనా యజమానినే నమ్మేవాడిని. ఉస్తాద్‌ను నేను ఆ విషయంలో తప్పు పట్టలేను, అందుకే ఇంత మంట.

పడవాయన నన్ను నమ్మాడని అనుకుంటాను. యజమానిని ఒక చూపు చూసి, సంచి దులుపుకుని లేచాడు. ఉస్తాద్ ఆయన రెండు చేతులూ పట్టుకుని, నా చెవులు నీ పడవ ముంచినాయప్పా, మాపు చెయ్యి అన్నాడు. ఆయన ముసలాయన చేతులు కళ్లకు అద్దుకుని వెళ్లిపోయాడు. తర్వాత మా అంగడికి ఎప్పుడూ రాలేదు. మళ్లీ ఐసు ఫ్యాక్టరీలోనే చేరాడని విన్నాను.

ఆ సాయంత్రం ఉస్తాద్ వెళ్లాక నేను యజమానిని నిలదీశాను. ఆయన కోప్పడతాడని చూశాను. కోప్పడలేదు. అలిసిపోయినవాడిలాగా కూర్చుని, నేను మరిచిపోయినానని ఒప్పుకుంటే అంగడి పేరు పోతాది, రేపు ఫోనులో ఎవడు సరుకు చెప్తాడు, ఆయనకేం పోతాది ఈ వయసులో అన్నాడు. ఇదే మాట ఆళ్లగడ్డ వెళ్లి ఆయనతో చెప్పు అన్నాను. చూద్దాంలే అన్నాడు. అది కూడా సరే సరే లాంటిదే.

మరునాడు పీట ఖాళీగా ఉంది. ఆ మరునాడూ అంతే. ఉస్తాద్ ఎవరితోనో కబురు పంపాడు. చెప్పింది వినపడని మనిషి పనిలో ఉంటే నలుగురికి నష్టం, తనను మన్నించమని. తిట్టకుండా ఒదిలిపెట్టినందుకు యజమానికి సలాములు కూడా చెప్పి పంపాడు. ఆ సలాములు యజమానికి అందించాల్సిన పని నాకే పడింది. ఆయన తల ఊపి వాటిని తీసుకున్నాడు. ఆకురాయి, పటకారు నా ముందుకు జరిపి, ఇంక నువ్వే చూసుకో అన్నాడు. మానేసి పోవాలనిపించింది. ఇంట్లో పిల్లల చదువులు, అద్దె ఇల్లు. ఆ పీట మీదే ఇంకా చాలా ఏళ్లు కూర్చున్నాను.

ఆదివారం చూసుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. శిల్పులు రాయి చెక్కే చప్పుడు వీధి మొదట్లోంచే వినపడుతోంది. ఆయన అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఇంటావిడ లోపల్నుంచి వచ్చి ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచి, అంగట్లో పిల్లోడు వచ్చినాడు అని చెప్పింది. ఇప్పుడంతా ఇట్లనే అరిచి చెప్పాలప్పా, మేమెవ్వరమూ ఇన్నాళ్లూ కనిపెట్టనే లేదు అంది నాతో. మనవరాలు వచ్చి నీళ్ల చెంబు ఇస్తూ అరిచింది. ఎదురింటాయన పలకరిస్తూ అరిచాడు. ఆయన ప్రతి ఒక్కరికీ తల ఊపుతున్నాడు. ఒక్కరినీ అరవొద్దనలేదు.

ఇంటావిడ లోపలికి వెళ్లాక నేను ఆయన వెనకే నిలబడి, మామూలుగా కూడా కాదు, గొంతు తగ్గించి, "మామా, వెల్లుల్లి ఒకటి కిందపడింది," అన్నాను.

ఆయన వంగి దాన్ని తీసుకుని చేటలో వేశాడు.

"ఇన్నావు గదా మామా. ఇంత మెల్లగా అంటే ఇన్నావు. నీ చెవులకు ఏమీ కాలేదు. ఆ దినం నీకు ఎవరూ చెప్పలేదు."

ఆయన చేతిలోని వెల్లుల్లి రెబ్బ పొట్టు తీసి, నాకు జవాబు చెప్పాడు. గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు.

"ఇది ఇన్నానప్పా. ఆ దినం ఇనలేదు."

ఇంకెంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. చనిపోయేదాకా ఆ ఇంట్లో అందరూ ఆయనతో అరిచే మాట్లాడారు.